తెర మీద ఉన్నదే వంటింట్లో ఉండాలి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

డిజిటల్ మెనూ బోర్డులు, కస్టమరే సొంతంగా ఆర్డర్ ఇచ్చుకునే కియోస్క్‌ల గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సందేహం పలువురు అడిగినచోట కలిపేశాం.

ప్రశ్న: ఒక్కో బ్రాంచీలో మూడు మెనూ తెరలు పెట్టాలనుకుంటున్నాం. ఇంట్లో వాడే టీవీలు చవగ్గా వస్తున్నాయి. వాటితో సరిపెట్టుకోకూడదా?

జవాబు: ఒక్క హోటల్ అయితే నడిపించుకోవచ్చు. బ్రాంచీలు పెరిగేకొద్దీ కష్టం. ఏం వదులుకుంటున్నారో తెలుసుకుని కొనండి.

మొదటిది వెలుతురు. ఇంటి టీవీ కాంతి సాధారణంగా 250 నుంచి 350 నిట్లు (నిట్ అంటే తెర వెలుగు కొలత). పైన లైట్లు దండిగా ఉండే కౌంటర్ దగ్గర అది వెలవెలబోతుంది. వ్యాపార అవసరాలకు చేసే ప్యానెళ్లు 400–500 నిట్లు ఇస్తాయి. గాజు తలుపులకు దగ్గరగా పెట్టేదానికి 700 పైన ఉండాలి. రెండోది పనిగంటలు. వాణిజ్య ప్యానెల్ వివరాల పత్రంలో 16/7 అనో 24/7 అనో రాసి ఉంటుంది, అంటే రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు అని. మీరు 14 గంటలు తెరిచి ఉంచి, ముందో గంట, వెనకో గంట తెర వెలిగిస్తే 16/7 సరిగ్గా సరిపోతుంది. ఇంటి టీవీని అలా వాడితే చాలా కంపెనీల వారంటీ చెల్లదు. నిలువుగా తిప్పి బిగించినా అంతే. వేడి బయటికి పోయే రంధ్రాలు అడ్డంగా పెట్టే టీవీకి తగ్గట్టు ఉంటాయి మరి.

చాలామంది మరిచిపోయేది మూడోది. కరెంటు పోయి వచ్చాక ఇంటి టీవీ నిద్రలో ఉండిపోతుంది, లేదా తన సొంత హోమ్ పేజీ చూపిస్తుంది. ఎవరో రిమోట్ వెతికి నొక్కాలి. వాణిజ్య ప్యానెల్‌లో ‘కరెంటు రాగానే ఆన్ అవు, చివరిగా ఉన్న ఇన్‌పుట్‌కే వెళ్లు’ అనే సెట్టింగ్ ఉంటుంది, రిమోట్‌ను లాక్ చేసుకోవచ్చు, ప్రధాన కార్యాలయం నుంచి నెట్‌వర్క్ ద్వారా ఆన్, ఆఫ్ చేయవచ్చు. నలభై బ్రాంచీలున్న సంస్థకు వెలుతురు కంటే ఇదే ముఖ్యం.

ఓఎల్ఈడీ తెర మెనూకి వద్దు. ధరల వరుసలు నెలల తరబడి ఒకేచోట నిలబడితే వాటి నీడ శాశ్వతంగా అచ్చుపడిపోతుంది. ఎల్‌సీడీలోనూ నీడలు కనిపించవచ్చు గానీ చాలావరకు రాత్రి ఆపేస్తే తగ్గుతాయి.

బిగించే చోటు కూడా చూడండి. వేయించే పొయ్యిల పైన పెడితే నూనె ఆవిరి రంధ్రాల్లోకి పోయి లోపల జిగురు పేరుకుంటుంది. ఎక్కువ ప్యానెళ్లు 40 డిగ్రీల గది వేడి వరకే హామీ ఇస్తాయి. మీరు నిలుచున్నచోట 32 ఉన్నా పైకప్పు కింద అంతకంటే బాగా ఎక్కువ ఉండొచ్చు. రద్దీ వేళ ఆ ఎత్తులో థర్మామీటరు పెట్టి చూశాకే గోడకు రంధ్రాలు వేయించండి. మీడియా ప్లేయర్‌ను (తెరకు బొమ్మను అందించే చిన్న పెట్టె) తెర వెనకే బిగించి, దాని దాకా నెట్‌వర్క్ కేబుల్ లాగడం మేలు. ప్లేయర్‌ను వేరే గదిలో పెట్టి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌ను 10 మీటర్లు దాటి లాగితే బొమ్మ మిణుకుమిణుకుమంటుంది. దూరం తప్పదనుకుంటే బొమ్మను నెట్‌వర్క్ కేబుల్ మీద దూరం పంపే హెచ్‌డీబేస్‌టీ పరికరాలతో క్యాట్‌6 కేబుల్ మీద 100 మీటర్ల దాకా పంపవచ్చు.

ప్రశ్న: వీధి వైపు తిప్పి అద్దం వెనక పెట్టిన తెర మధ్యాహ్నం నల్లబడుతోంది, సాయంత్రానికి అదే బాగవుతోంది. పాడైనట్టేనా?

జవాబు: ఇంకా పాడవలేదు. ఎండ నేరుగా పడి ప్యానెల్ వేడెక్కితే అందులోని ద్రవ స్ఫటికాలు తమ అమరిక కోల్పోతాయి, ఆ మేర నల్ల మచ్చలు వస్తాయి, చల్లారగానే పోతాయి. రోజూ ఇలాగే జరిగితే ఆయుష్షు తగ్గుతుంది. 110 డిగ్రీల దాకా తట్టుకునే ద్రవ స్ఫటికాలతో కిటికీల కోసమే చేసిన ప్యానెళ్లున్నాయి, వాటి కాంతి కూడా 2,500 నిట్లు, ఆ పైన. అలాంటిది కొనేదాకా తెరను అద్దం నుంచి వెనక్కి జరిపి, గాలి ఆడేలా చూడండి.

ప్రశ్న: ఒక్క తెర మీద ఎన్ని వంటకాలు పట్టించవచ్చు? మా డిజైనర్ ముప్పై పెట్టారు. కంప్యూటర్లో చక్కగా కనిపిస్తోంది, షాపులో ఎవరూ చదవలేకపోతున్నారు.

జవాబు: డిజైనర్ కూర్చున్నది తెరకు రెండడుగుల దూరంలో, మీ కస్టమర్ నిలబడేది పదడుగుల దూరంలో. సైన్‌బోర్డుల వాళ్లు వాడే కొలత ఒకటుంది: ప్రతి 10 అడుగులకు అక్షరం ఎత్తు 1 అంగుళం. దాన్ని తెరకు అన్వయిద్దాం. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర ఎత్తు సుమారు 53.5 సెంటీమీటర్లు, అందులో 1,080 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ అర మిల్లీమీటరు. 10 అడుగుల నుంచి చదవడానికి కావలసిన 25 మిల్లీమీటర్లంటే 50 పిక్సెళ్లు. వరుసల మధ్య ఖాళీతో కలిపి ఒక్కో వరుసకు 80 పిక్సెళ్లు వేసుకుంటే 13 వరుసలు వస్తాయి. శీర్షిక, అంచులు తీసేస్తే మిగిలేవి పది.

ఇది ఇంగ్లిష్ అక్షరాల లెక్క. తెలుగులో తలకట్టు, గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. వరుసకు దాదాపు 100 పిక్సెళ్లు ఇవ్వకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అప్పుడు ఎనిమిదో తొమ్మిదో పడతాయి. రెండు నిలువు వరుసలు చేస్తే రెట్టింపు పడతాయి గానీ పేర్లు పొట్టివై ఉండాలి. మీ ముప్పై వంటకాలకు రెండు తెరలు కావాలి, లేదా బాగా అమ్ముడుపోయేవే బోర్డు మీద ఉంచి మిగతావి కియోస్క్‌కు వదిలేయాలి. రెండోదే మంచి పని.

ధరలున్న పేజీని కొన్ని సెకన్లకోసారి తిప్పే అలవాటు మానుకోండి. సగం చదివేసరికి పేజీ మారిపోతే కస్టమర్ అది మళ్లీ వచ్చేదాకా ఆగాలి, వెనక వరుస కదలదు. కదలిక కావాలంటే ఒక మూల బొమ్మకే పరిమితం చేయండి. అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాలు చెబుతాయి, బోర్డులకూ అదే పాటించండి. ఫొటో మీద నేరుగా ధర రాస్తే ఈ నిష్పత్తి అక్షరం అక్షరానికీ మారిపోతుంది.

ప్రశ్న: బోర్డు మీద ఒక ధర, కియోస్క్‌లో ఇంకోటి, బిల్లులో మరోటి. నెలకు రెండుసార్లయినా గొడవ. ఎవరిని అడిగినా ‘మా వైపు సరిగానే ఉంది’ అంటారు. ఎలా సరిచేయాలి?

జవాబు: ఎవరి వైపు వాళ్లకు నిజంగానే సరిగా ఉంటుంది. అసలు చిక్కు అదే. ధర మూడు చోట్ల విడివిడిగా దాచిపెట్టి ఉంది. అది ఒక్కచోటే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఐటమ్ మాస్టర్‌లోనే (వంటకాలు, ధరల మూల జాబితా) ఉండాలి. బోర్డు, కియోస్క్ అక్కడి నుంచి చదువుకోవాలే తప్ప సొంతంగా ఏదీ దాచుకోకూడదు.

ముందుగా ధరను బొమ్మలోంచి బయటికి తీయండి. డిజైనర్ ధరతో కలిపి జేపీజీగానో వీడియోగానో ఇచ్చిన బోర్డులో ధర మారాలంటే మళ్లీ డిజైనరే కావాలి, ఏదో ఒక బ్రాంచీలో పాత ఫైలు మిగిలిపోతుంది. టెంప్లేట్‌లో ధర స్థానం ఖాళీగా ఉంచి డేటా నుంచి నింపాలి. అనుసంధానం వంటకం పేరుతో కాక ఐటమ్ కోడ్‌తో జరగాలి. పేరులో ఒక అక్షరం సవరించినందుకే లింకు తెగిపోయిన సందర్భాలు చాలా ఉంటాయి.

ఇక మొత్తం లెక్క. పన్ను, రౌండింగ్ కియోస్క్ సొంతంగా లెక్కిస్తే తేడా వచ్చి తీరుతుంది. ఒక్కోటి 9.90 ఉన్న వస్తువులు మూడు, పన్ను 5 శాతం అనుకోండి. వరుస వరుసకూ రౌండ్ చేస్తే ఒక్కోదానిపై 0.495 కాస్తా 0.50 అయి, మొత్తం పన్ను 1.50. మొత్తం 29.70 మీద ఒకేసారి లెక్కిస్తే 1.485, అంటే 1.49. రెండూ తప్పు కాదు, పద్ధతులు వేరు. కాబట్టి కియోస్క్ లెక్కించడం మానేసి, కార్టును (కస్టమర్ ఎంచుకున్నవాటి జాబితా) బిల్లింగ్ సర్వర్‌కు పంపి అది చెప్పిన మొత్తాన్నే చూపించాలి.

ధరల మార్పును షాపు మూసి ఉన్న వేళకు, తెల్లవారుజామున 4 గంటలకో మరెప్పుడో, షెడ్యూల్ చేయండి. ‘పబ్లిష్ అయింది’ అని సర్వర్ చెప్పినంత మాత్రాన తెర మీదికి వచ్చినట్టు కాదు. ప్రతి తెర నుంచి స్క్రీన్‌షాట్ తెప్పించుకునే సౌకర్యం ఉన్న సాఫ్ట్‌వేర్ తీసుకుని, షాపు తెరవకముందే చూసుకోండి. ఇంత చేశాక కూడా తేడా కనిపిస్తే బోర్డు మీద ఉన్న ధరకే ఇవ్వండి. కస్టమర్ చూసింది దాన్నే.

అయిపోయిన వంటకానికీ ఇదే సూత్రం. వంటగదిలో ఒక్క బటన్ నొక్కితే బోర్డులో మసకబారాలి, కియోస్క్‌లో ఆగిపోవాలి, ఆ వంటకం కలిసి ఉన్న కాంబోలూ ఆగాలి. ఈ కాంబోల సంగతే ఎక్కువ మంది మరిచిపోతారు. కార్టులో వేసేటప్పుడు ఒకసారి, డబ్బు తీసుకోబోయే ముందు ఇంకోసారి నిల్వ సరిచూడాలి. డబ్బు కట్టించుకుని ఆ తర్వాత లేదనడం ఎవరి విషయంలోనూ జరగకూడదు.

ప్రశ్న: ఉదయం మెనూ నుంచి మధ్యాహ్నం మెనూకి తెరలు తమంతట తాము మారాలి. ఒక బ్రాంచీలో అప్పుడప్పుడూ అర్ధరాత్రి మారుతోంది.

జవాబు: ఆ ప్లేయర్ గడియారం తప్పు. చిన్న ప్లేయర్లలో కొన్నింటికి గడియారం బ్యాటరీ ఉండదు (రాస్ప్‌బెర్రీ పై 4 వరకూ అంతే), కరెంటు పోయి వస్తే సమయాన్ని నెట్‌వర్క్ నుంచే తెచ్చుకోవాలి. ఆ బ్రాంచీ రౌటర్ సమయం తెచ్చుకునే దారైన యూడీపీ 123 పోర్టును అడ్డుకుంటోందేమో చూడండి. టైమ్ జోన్ కూడా సరిచూడండి.

ప్రశ్న: ఎన్ని కియోస్క్‌లు పెట్టాలి? అమ్మేవాళ్లు ఆరు అంటున్నారు, మా లెక్కలో మూడు చాలు.

జవాబు: రద్దీ గంటలో కియోస్క్‌కు ఎన్ని ఆర్డర్లు వస్తాయి, ఒక్కో ఆర్డర్‌కు ఎంతసేపు పడుతుంది, ఈ రెండే కావాలి. రెండోదాన్ని ఊహించవద్దు. మొదటి తాకిడి నుంచి డబ్బు కట్టేదాకా ఎంత పట్టిందో యంత్రం లాగ్‌లో ఉంటుంది.

గంటకు 60 ఆర్డర్లు, ఒక్కోదానికి 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 180 నిమిషాల పని, అంటే మూడు యంత్రాలకు క్షణం తీరిక ఉండదు. జనం లెక్కగా నిమిషానికొకరు చొప్పున రారు, గుంపుగా వస్తారు. అందుకే మూడుతో వరుస పెరుగుతూనే ఉంటుంది, తరగదు. టెలిఫోన్ లైన్ల కోసం పుట్టిన, నిరీక్షణను అంచనా వేసే ఎర్లాంగ్ సి సూత్రంతో లెక్కేస్తే నాలుగు యంత్రాలతో సగటున ఒకటిన్నర నిమిషం ఆగాలి, ఐదుతో 21 సెకన్లు. ఈ ఉదాహరణకు ఐదు సరైనది. అందులో ఒకటి చెడిపోయినా నాలుగుతో బండి నడుస్తుంది.

ఇప్పుడు ‘ఇది కూడా కావాలా?’ అని అడిగే తెరలు మూడు చేర్చారనుకోండి. ఒక్కోదానికి 8 సెకన్లు, మొత్తం 24. ఆర్డర్ సమయం 3 నుంచి 3.4 నిమిషాలైంది, పెద్ద తేడా కాదనిపిస్తుంది. నాలుగు యంత్రాలున్నచోట సగటు నిరీక్షణ మాత్రం ఒకటిన్నర నిమిషం నుంచి దాదాపు నాలుగు నిమిషాలకు ఎగబాకుతుంది. యంత్రాలు నిండే కొద్దీ వరుస పెరిగే తీరు అది. అమ్మకం పెంచే తెర ఒక్కటి చాలు, రద్దీ వేళ అదీ ఆపేయండి.

ఒక ముఖ్యమైన మాట. వంటగది గంటకు 50 ఆర్డర్లే చేయగలిగితే పది కియోస్క్‌లు పెట్టినా ఒరిగేదేమీ లేదు. వరుస ఆర్డర్ దగ్గర తగ్గి, తీసుకునే కౌంటర్ దగ్గర తేలుతుంది, పైగా అప్పటికే డబ్బు కట్టినవాళ్లు కాబట్టి ఓపిక తక్కువ. వంటగది తెరలో పెండింగ్ ఎంతుందో చూసి, డబ్బు కట్టే ముందే ‘సుమారు ఇన్ని నిమిషాలు’ అని కియోస్క్ చెప్పాలి. తయారవుతున్నవి, సిద్ధమైనవి అని రెండు భాగాలుగా టోకెన్ నంబర్ల తెర ఒకటి తప్పనిసరి.

ప్రశ్న: పొద్దున బాగా పనిచేసే టచ్, రద్దీ అయ్యాక తనంతట తానే బటన్లు నొక్కేస్తోంది.

జవాబు: కియోస్క్‌లలో ఎక్కువగా ఉండే కెపాసిటివ్ టచ్, వేలు ఆనినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడుతుంది. అద్దం మీద నీటి పొర ఉన్నా దాన్ని వేలనే అనుకోవచ్చు. ముందు శుభ్రంగా తుడిచి చూడండి. తగ్గకపోతే ఎర్తింగ్ పరీక్షించండి. ఎర్త్ సరిగా లేని సాకెట్, నాసిరకం పవర్ అడాప్టర్ నుంచి వచ్చే విద్యుత్ రొద ఇలాంటి దొంగ టచ్‌లకు పెద్ద కారణం. అడాప్టర్ మార్చి ఒక పూట నడిపితే తేలిపోతుంది. ఈ మధ్య అద్దం మార్చారా, పైన రక్షణ ఫిల్మ్ అతికించారా? టచ్ కంట్రోలర్‌ను ఒక మందానికి సరిపడా సర్దుబాటు చేసి ఉంటారు, మందం మారితే మళ్లీ సర్దాలి.

తుడిచేటప్పుడు స్ప్రే నేరుగా తెర మీద కొట్టనివ్వకండి. ద్రవం కిందికి జారి ఫ్రేము సందులోంచి లోపలికి పోతుంది, కింది వరుస బటన్లు ముందు చచ్చిపోతాయి. మైక్రోఫైబర్ గుడ్డను తడిపి తుడవాలి. తయారీదారు అనుమతిస్తే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. తుడిచే 30 సెకన్లు టచ్ పనిచేయకుండా ఆపే క్లీనింగ్ మోడ్ పెట్టమని సాఫ్ట్‌వేర్ వాళ్లను అడగండి.

ప్రశ్న: ఇంటర్నెట్ పోతే అంతా ఆగిపోతోంది. పెద్ద సంస్థలకూ ఇంతేనా?

జవాబు: పెద్దవాటికీ జరిగింది. 2024 మార్చి 15న మెక్‌డొనాల్డ్స్ కంప్యూటర్ వ్యవస్థ అనేక దేశాల్లో ఆగిపోయింది. బయటి సంస్థ ఒకటి సెట్టింగులు మారుస్తున్నప్పుడు వచ్చిన లోపమని కంపెనీ ప్రకటించింది. అదే ఏడాది జూలై 19న కంప్యూటర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలాయి. వాటిలో చాలావాటిని మనిషి వెళ్లి చేత్తో సరిచేయాల్సి వచ్చింది. కీబోర్డు పెట్టే వీలు లేకుండా బిగించేసిన కియోస్క్‌కు అలాంటి రోజున తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలిసి ఉండాలి. అప్‌డేట్లను కూడా ముందు ఒకటి రెండు బ్రాంచీలకే పంపి, ఒక రోజు చూసి, తర్వాత మిగతావాటికి పంపాలి.

మీ విషయానికొస్తే, బోర్డులు కంటెంట్‌ను ప్లేయర్‌లోనే దాచుకుని నడవాలి, ఇంటర్నెట్‌తో పనే ఉండకూడదు. కియోస్క్ నుంచి వంటగదికి ఆర్డర్ షాపులోని లోకల్ నెట్‌వర్క్ మీదే వెళ్లగలగాలి. కొనేముందు డెమోలో ఆర్డర్ మధ్యలో ఇంటర్నెట్ కేబుల్ పీకి చూడండి. అమ్మేవారి మాటలకంటే అదే ఎక్కువ చెబుతుంది. కార్డు చెల్లింపులకు 4జీ రౌటర్‌ను ప్రత్యామ్నాయంగా ఉంచండి. ఆఫ్‌లైన్‌లో కార్డు తీసుకునే పద్ధతి ఉన్నా, తర్వాత బ్యాంకు తిరస్కరిస్తే ఆ నష్టం సాధారణంగా షాపుదే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సగంలో తెగిపోవడం. డబ్బు కట్ అయింది, జవాబు కియోస్క్‌కు చేరలేదు, కస్టమర్ మళ్లీ కట్టాడు. ప్రతి ఆర్డర్‌కూ ఒకే గుర్తింపు సంఖ్య పెట్టి, రెండో ప్రయత్నంలోనూ అదే సంఖ్య పంపితే చెల్లింపు సర్వర్ రెండోసారి డబ్బు తీసుకోదు. మీ సాఫ్ట్‌వేర్ ఇలా చేస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: తెర మీద తెలుగు వత్తులు విడిపోతున్నాయి, రసీదులో అయితే అన్నీ ప్రశ్నార్థకాలే.

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. తెర మీద వత్తులు విడిపోతే ఆ సాఫ్ట్‌వేర్ అక్షరాలను వరుసగా పేర్చుతోందే తప్ప కలపడం లేదని అర్థం. ఫాంటు మారిస్తే సరిపోకపోవచ్చు, అక్షరాలు కలిపే ఇంజన్ ఉండాలి. బ్రౌజర్ ఆధారంగా నడిచే ప్లేయర్లలో ఈ ఇబ్బంది ఉండదు. ‘జ్యోత్స్న, వస్త్రం, లక్ష్మి, జ్ఞానం’ అని టైపు చేసి చూడండి, లోపముంటే అక్కడే బయటపడుతుంది.

థర్మల్ ప్రింటర్ (సిరా లేకుండా వేడితో అచ్చువేసేది) సొంత ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు. రసీదును కంప్యూటర్లోనే బొమ్మగా తయారుచేసి పంపాలి. 80 మిల్లీమీటర్ల కాగితంపై అచ్చయ్యే వెడల్పు 72, మిల్లీమీటరుకు 8 చుక్కల చొప్పున 576 చుక్కలు. బొమ్మ వెడల్పు కచ్చితంగా అంతే పెట్టండి, లేకపోతే కుడి అంచు తెగుతుంది.

పనిలో పనిగా, కాగితం తెల్లగానే బయటికొస్తే ప్రింటర్ పాడైందని కంగారుపడొద్దు. రోల్ తిరగేసి పెట్టారేమో గోటితో గీసి చూడండి, నల్ల గీత పడే వైపే అచ్చవుతుంది. 80 మీటర్ల రోల్ 20 సెంటీమీటర్ల రసీదులకు 400 దాకా వస్తుంది. మీ ఆర్డర్ల లెక్క చూసుకుని, రద్దీ మొదలవకముందే మార్చేయండి.

ప్రశ్న: గంట గంటకూ ధర మార్చే సౌకర్యం ఉందంటున్నారు. వాడవచ్చా?

జవాబు: తెరకు అది చేతనవును. 2024 ఫిబ్రవరిలో వెండీస్ అనే బర్గర్ల సంస్థ 2025 నుంచి ఇలాంటిది పరీక్షిస్తామనగానే అమెరికాలో పెద్ద దుమారం లేచింది. రద్దీ వేళ ధరలు పెంచే ఉద్దేశం తమకు లేదని కంపెనీ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మా సలహా: రద్దీ లేని వేళ తగ్గించడానికి వాడండి, పెంచడానికి వద్దు. తగ్గింపు వేళ ముగుస్తున్నప్పుడు కూడా, అప్పటికే తెరిచి ఉన్న కార్టులకు పాత ధరే చెల్లేలా చూడండి.

ప్రశ్న: చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు మా కియోస్క్‌ను వాడలేకపోతున్నారు. కొత్తవి కొనాలా?

జవాబు: అన్నీ మార్చనక్కర్లేదు. అమెరికా వికలాంగుల చట్టం 2010 ప్రమాణాల ప్రకారం చేతితో వాడే భాగాలు నేల నుంచి 380–1,220 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ముందు 760 × 1,220 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఏ దేశంలో ఉన్నా ఇవి మంచి కొలతలు. నిలువు కియోస్క్‌లలో ‘వెనక్కి’, ‘భాష’ బటన్లు తెర పై అంచున పెట్టడం మామూలు తప్పు. మెనూ మొత్తాన్ని కింది సగానికి దించే బటన్ ఒకటి కింద మూలన పెడితే చాలావరకు తీరుతుంది, అది సాఫ్ట్‌వేర్ మార్పే. కార్డ్ రీడర్ ఎత్తు కూడా కొలవండి. బటన్ల పరిమాణం కనీసం 20 మిల్లీమీటర్లు ఉంచండి. చూపు లేనివారికి హెడ్‌ఫోన్ జాక్, తడిమి గుర్తుపట్టగల చిన్న కీప్యాడ్ కావాలి. ఇవి తర్వాత కూడా బిగించవచ్చు.

సమయం ముగిసిందని కార్టును చటుక్కున చెరిపేయవద్దు. ‘ఇంకా ఉన్నారా?’ అని అడిగి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. మనిషి ఉన్న కౌంటర్ ఒకటైనా షాపు తెరిచి ఉన్నంతసేపూ నడవాలి. మార్పులన్నీ అయ్యాక మీ సిబ్బందిలో ఒకరిని కియోస్క్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి, లేవకుండా, మొదటి తెర నుంచి రసీదు తీసుకునేదాకా ఒక ఆర్డర్ పూర్తి చేయించండి. చెయ్యి అందని చోటల్లా రాసుకోండి.